నూరువరహాల ఆకులు పసుపెక్కుతుంటే

గోడ పక్కన వేసిన పొట్టి రకం నూరువరహాలకు కొత్త ఆకులు పసుపుగా వస్తున్నాయి, పూలు రావట్లేదు, ఎరువు పెంచమంటారా అని అడిగారు కదా. పెంచకండి. ముందు ఒక లేత ఆకు కోసి వెలుతురులో పట్టి చూడండి. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం మాత్రమే పాలిపోయి ఉంటే అది ఇనుము లోపం. నత్రజని తక్కువైతే ముందు ముదురాకులు పసుపెక్కుతాయి, అదీ ఆకు మొత్తం.

సాధారణంగా ఇనుము మట్టిలో ఉంటుంది, మొక్కకే అందదు. ఈ మొక్కకు పుల్లని, అంటే ఆమ్ల గుణమున్న మట్టి కావాలి, పీహెచ్ (మట్టి పులుపును చెప్పే కొలత) 5 నుంచి 6 మధ్య. సిమెంటు గోడలోని సున్నం మట్టిలోకి దిగి దాన్ని క్షారంగా మారుస్తుంది, అప్పుడు ఇనుము వేళ్లకు అందదు. మనవాళ్లు ప్రతి మొక్కకీ వేసే బూడిద, గుడ్డు పెంకులు కూడా చేసేది అదే. అవి ఆపేయండి, భాస్వరం ఎక్కువుండే డీఏపీ ఎరువు కూడా.

లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకులు తడిసేలా కొట్టండి, వారం పది రోజులకోసారి, రెండు మూడు సార్లు. గోడకూ నేలకూ తగిలితే తుప్పు మరక పోదు, చూసుకోండి. మొక్క మొదలు దగ్గర మట్టిలో వర్మీకంపోస్టు కలపండి.

ఇక పూల సంగతి. గుండ్రంగా కనిపించాలని తరచూ కత్తిరిస్తున్నారా? మొగ్గలు కొమ్మల చివర్లలోనే వస్తాయి, అవి కాస్తా కత్తెరకు పోతాయి. పూత అయ్యాక ఒకసారి కత్తిరించి వదిలేయండి. ఎండ ఐదారు గంటలైనా తగలకపోతే మాత్రం చోటు మార్చక తప్పదు.