టీచర్ ఉద్యోగం, ఎమ్మెల్యే పోటీ, ఆపైన పాస్టర్ సేవ: కాగితాల సంగతి

"మా బాబాయి ప్రభుత్వ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్, పాతికేళ్ల పైన సర్వీసు. ఎమ్మెల్యేగా నిలబడతారట, తర్వాత పాస్టర్‌గా సేవలోకి వెళ్తారట. రాజీనామా ఎప్పుడివ్వాలి?" అని ఒకరు అడిగారు.

అసలు రాజీనామా అన్న మాటే రాయనివ్వకండి. ఆంధ్రప్రదేశ్ 1980 పెన్షన్ రూల్స్ ప్రకారం రాజీనామా చేస్తే వెనకటి సర్వీసంతా పోయినట్టే. 20 ఏళ్ల క్వాలిఫయింగ్ సర్వీసు (పెన్షన్‌కి లెక్కలోకొచ్చే సర్వీసు) నిండింది కాబట్టి మూడు నెలల ముందు నోటీసిచ్చి స్వచ్ఛంద పదవీ విరమణ అడగాలి. పెన్షన్ నిలుస్తుంది. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరి సీపీఎస్‌లో (ఉద్యోగి కూడా వాటా కట్టే కొత్త పెన్షన్ పథకంలో) ఉన్నవాళ్ల లెక్క వేరు. సర్వీస్ రిజిస్టర్‌లో ఎంట్రీలు తప్పుగా ఉంటే ముందే సరిచేయించుకోవాలి.

నోటీసిచ్చి ఊరుకుంటే చాలదు. నామినేషన్ల గడువు ముగిసిన మర్నాడే పరిశీలన. ఆ రోజుకి విరమణ ఉత్తర్వు, రిలీవైన కాగితం చేతిలో ఉండాలి. శాఖాపరమైన విచారణ ఏదైనా ఉంటే ఫైలు కదలదు. మధ్యప్రదేశ్‌లో డిప్యూటీ కలెక్టర్ నిశా బాంగ్రే 2023 జూన్‌లో రాజీనామా ఇచ్చారు. కోర్టుల చుట్టూ తిరిగితే అక్టోబర్లో గానీ ఆమోదం దక్కలేదు, ఆమె ఆశించిన ఆమ్లా నియోజకవర్గం కాంగ్రెస్ టికెట్ వేరొకరికి వెళ్లిపోయింది. ఇది తెలిసి కూడా "లాంగ్ లీవ్ పెట్టి నిలబడండి" అని సలహాలిచ్చేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. సెలవులో ఉన్నా ఆయన ప్రభుత్వ ఉద్యోగే, పోటీకి అనర్హుడే!

డిపాజిట్ 10,000, ఎస్సీ ఎస్టీలకి 5,000. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ప్రతిపాదకుడు ఒక్కరు చాలు, ఇండిపెండెంట్‌కి పదిమంది కావాలి, అందరూ అదే నియోజకవర్గం ఓటర్లే. ఫారం 26లో (ఆస్తులు, కేసుల వివరాలిచ్చే అఫిడవిట్‌లో) గడి ఖాళీగా వదిలి, రిటర్నింగ్ అధికారి చెప్పాక కూడా నింపకపోతే నామినేషన్ పోతుంది.

పాస్టరయ్యాక పోటీకి చట్టం అడ్డు లేదు. కానీ చర్చి ఆవరణలో ప్రచారం, మత సంస్థల దుర్వినియోగాన్ని అడ్డుకునే 1988 చట్టం కింద నేరం. మతం పేరుతో ఓటడిగితే గెలిచిన సీటూ పోతుంది. క్రైస్తవ వివాహ చట్టం కింద అధికారం లేకుండా పెళ్లి జరిపిస్తే పదేళ్ల దాకా జైలు.

ఆయనది దళిత కుటుంబమైతే అసలు చిక్కు వేరే ఉంది. ఎస్సీలెవరో చెప్పే 1950 రాష్ట్రపతి ఉత్తర్వులో మొదట ప్రధానంగా హిందువులే, 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేరారు. క్రైస్తవులకి నేటికీ చోటు లేదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన పేటలో ఇల్లు మారదు, ఊళ్లో పిలుపు మారదు, సర్టిఫికెట్ మాత్రం మారిపోతుంది. ఇది అన్యాయమనే నేనంటాను. చట్టం మారేదాకా ఎస్సీ రిజర్వుడు సీటు ఆయనకి మూసుకున్నట్టే. ఆంధ్రాలో బీసీ-సీ (క్రైస్తవంలోకి మారిన ఎస్సీల వర్గం) కింద 1 శాతం రిజర్వేషన్ ఉన్నా అది చదువుకీ ఉద్యోగానికే, అసెంబ్లీకి కాదు. నిలబడితే జనరల్ సీట్లోనే.