ఎం.జి.బి. (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ముందు సస్పెన్షన్ బుష్‌లు, అంటే కీళ్ల దగ్గర ఉండే రబ్బరు తొడుగులు, ఇంట్లో మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. 1962 నుంచి 1980 వరకు తయారైన ఈ కారులో ముందు సస్పెన్షన్ చాలా సాదా డిజైన్. అసలు భయం కాయిల్ స్ప్రింగ్‌తోనే. అది నొక్కుకుని ఉంటుంది, ఒక్కసారిగా విడిపోతే ఎముకలు విరుగుతాయి.

కారును చాసిస్ కింద యాక్సిల్ స్టాండ్ల మీద నిలపండి, జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరొద్దు. చక్రం తీసి, బ్రేక్ క్యాలిపర్ విప్పి తీగతో పైకి కట్టండి. బ్రేక్ హోస్ మీద బరువు పడకూడదు. స్ప్రింగ్ పాన్ (స్ప్రింగ్ కూర్చునే కింది పళ్లెం) కింద ట్రాలీ జాకీ ఆనించాకే పైన ట్రనియన్ (పై కీలు) బోల్టు తీయాలి. తర్వాత జాకీని మెల్లగా, చాలా మెల్లగా దించితే స్ప్రింగ్ వదులవుతుంది.

ఈ కారులో సస్పెన్షన్‌కు పై ఆర్మ్ విడిగా ఉండదు, లివర్ షాక్ అబ్జార్బర్ చేతులే ఆ పని చేస్తాయి. ఆ షాక్ అబ్జార్బర్ నుంచి ఆయిల్ కారుతుంటే అదీ ఇప్పుడే మార్చేయండి. కింగ్‌పిన్‌లో (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం తిరిగే నిలువు ఇరుసు) వదులు ఉందేమో కూడా చూడండి.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది: రబ్బరు బుష్‌ల నట్లను కారు చక్రాల మీద నిలిచాకే పూర్తిగా బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. చివర్లో చక్రాల అలైన్‌మెంట్ చేయించండి.