రెడ్ డాట్ పిస్తోలుకు జీరో ఎన్ని గజాల్లో?

గ్రీన్ కార్డు వచ్చిన నెలకే మా డాలస్ తమ్ముడొకడు పిస్తోలు కొని, దాని మీద రెడ్ డాట్ (గురి కోసం అద్దంలో ఎర్ర చుక్క చూపించే సైటు) బిగించుకుని, "అన్నా, జీరో ఎన్ని గజాల్లో చేయాలి?" అని అడిగాడు. హెచ్‌1బీ మీదున్న అతని రూమ్మేటు తనూ రేంజికి వస్తానన్నాడు. ముందు అతనికే చెప్పాను, వద్దని. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి వీసాల మీదున్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చినా అదే లెక్క. వేట లైసెన్సు లాంటి మినహాయింపులు ఉన్నాయి గానీ, లాయర్ని అడగకుండా వాటిని నమ్ముకోవద్దు. 2022లో ఈ నేరానికి శిక్ష 15 ఏళ్ల దాకా పెంచారు. ఇక వీసా గతి వేరే చెప్పాలా?

సరే, తమ్ముడి ప్రశ్నకొస్తా. డాట్ బ్యారెల్ (తుపాకీ గొట్టం) కంటే దాదాపు అంగుళం ఎత్తులో ఉంటుంది. మన చూపు పైనుంచి పోతుంది, తూటా కిందినుంచి బయల్దేరుతుంది. రెండూ ఎక్కడ కలవాలో మనం ఎంచుకునే దూరమే జీరో. మామూలు 9 ఎంఎం తూటాతో 25 గజాల్లో కలిపితే, 10 గజాల దగ్గర అర అంగుళం లోపే కిందికి తగులుతుంది. 50 దగ్గరైనా ఇంచుమించు అంగుళమే తేడా. అందుకే నా ఓటు 25కే.

నేను మొదట్లో 7 గజాల్లో చేశాను. అన్నీ ఒకే కన్నంలో పడుతుంటే తెగ మురిసిపోయాను. కాగితాన్ని 25కి పంపి చూస్తే అన్నీ రెండంగుళాలు పైన! కంగారులో ప్రతి తూటాకీ డాట్‌ను జరిపే స్క్రూ తిప్పుతూ 50 తూటాల డబ్బా ఖాళీ చేశాను.

అలాగని కొత్తచేయి నేరుగా 25కి పోతే తూటాలు అన్నం పళ్లెమంత మేర చెదురుతాయి. ముందు 10 గజాల్లో చేతులు ఇసుక సంచి మీద ఆనించి, గురికి అర అంగుళం లోపు కిందికి తగిలేలా తెచ్చుకోండి. తర్వాత 25లో అయిదు కాల్చి, ఆ గుంపు నడిమధ్య ఎక్కడుందో చూసి డాట్‌ను జరిపే స్క్రూ తిప్పండి. ఆ స్క్రూ ఒక్కో క్లిక్కుకు 1 ఎంఓఏ (100 గజాల్లో సుమారు అంగుళమయ్యే కోణం కొలత) జరిపే సైటైతే, 25 గజాల దగ్గర నాలుగు క్లిక్కులకు అంగుళం జరుగుతుంది.

జీరో కుదిరాక, సైటును బిగించిన స్క్రూల మీదినుంచి పక్కనున్న సైటు మీదికి నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత గీయండి. మా ఆవిడ సీసా అందుకే సగమైంది. ఆ గీత పక్కకు జరిగినట్టు కనిపించిందా, స్క్రూ వదులైనట్టే. బిగించి మళ్లీ 25కి వెళ్లాలి.