ఇల్లు తాకట్టు పెట్టి విరాళమా?

ప్రశ్న: ఫిలడెల్ఫియా దగ్గర ఉంటున్నాం. నా భార్యది అష్కెనాజీ (ఐరోపా మూలాల) యూదు కుటుంబం. మా వదినగారి బాబు టే-సాక్స్ అనే, నరాలను దెబ్బతీసే వంశపారంపర్య వ్యాధితో నాలుగో ఏట పోయాడు. ఆ పరిశోధనకు 40,000 డాలర్లు ఇవ్వాలనుకున్నాం. ఇంటి మీద 8 శాతానికి అప్పు దొరుకుతోంది. కాగితాలు నింపాం, సంతకమే తరువాయి. పొదుపు 9,000 డాలర్లు, నెల ఖర్చు 6,500. బీమా అంటారా, మా ఆఫీసు వాళ్లిచ్చిందే. పన్ను ఎంత కలిసొస్తుంది? అన్నట్టు, మా అత్తగారికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నా భార్య వచ్చే నెల జన్యు పరీక్షకు వెళ్తోంది.

జవాబు: సంతకం పెట్టకండి. విరాళానికి పన్ను మినహాయింపు రావచ్చు గానీ, ఇంటి పనికి వాడని ఆ అప్పు వడ్డీకి రాదు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 485 డాలర్లు కట్టాలి. వడ్డీయే 18,000 దాటుతుంది. అది పరిశోధనకు కాదు, బ్యాంకుకు మీరిచ్చే విరాళం!

దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు అప్పు తెచ్చి దానం చేస్తామనే ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. గుడికో, బడికో, ఆసుపత్రికో ఇస్తామంటారు. పైగా మీ పొదుపు నెలన్నర కూడా రాదు. ఉద్యోగం పోతే ఆ ఇంటినే పోగొట్టుకుంటారు. ముందు ఆరు నెలల ఖర్చు, అంటే 39,000 డాలర్లు, పక్కన పడాలి.

అసలు ప్రమాదం మాత్రం మీరు 'అన్నట్టు' అని చివర రాసిన మాటలో ఉంది. అష్కెనాజీ యూదుల్లో దాదాపు 40 మందిలో ఒకరికి రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే మార్పు బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో ఉంటుంది. జన్యు ఫలితాన్ని చూసి ఆరోగ్య బీమా నిరాకరించకూడదని, ఉద్యోగం తీసేయకూడదని 2008 నాటి అమెరికా కేంద్ర చట్టం చెబుతోంది. జీవిత బీమా, వైకల్య బీమా (పని చేయలేని స్థితి వస్తే ఆదుకునేది), దీర్ఘకాల సంరక్షణ బీమా దాని పరిధిలో లేవు. ఆ బీమాల్లోనూ జన్యు ఫలితం చూసి నిరాకరించడాన్ని ఫ్లోరిడా రాష్ట్రం 2020లో నిషేధించింది. మీరున్నది ఫ్లోరిడా కాదు. కాబట్టి మీ భార్య పేరిట సొంత టర్మ్ పాలసీ, వైకల్య బీమా పరీక్షకు ముందే చేతికి రావాలి. దరఖాస్తులో అత్తగారి జబ్బు దాచకండి, దాస్తే క్లెయిమ్ నాడు దొరికిపోతారు. పరీక్ష ఆపకూడదని డాక్టరు అంటే మాత్రం ఆయన మాటే వినండి.

ఇక పరిశోధన. 1971లో బాల్టిమోర్, వాషింగ్టన్ ప్రాంత యూదులు ప్రార్థన మందిరాలకు వచ్చి రక్తమిచ్చి, పిల్లలకు సోకించగల టే-సాక్స్ జన్యు లోపం తమలో దాగి ఉందేమో తేల్చే వాహక పరీక్షలు చేయించుకున్నారు. ఆ బాటలో సాగాక వారి సమాజంలో టే-సాక్స్ జననాలు 90 శాతానికి పైగా తగ్గాయి. పసిపిల్లలకు వచ్చే రకానికి నయం చేసే మందు మాత్రం నేటికీ లేదు. ఇన్నేళ్ల పనికి ఏటేటా అందే డబ్బు కావాలి. నెలకు 150 డాలర్లు చాలు, మీ ఆఫీసు సమానంగా జతచేస్తుందేమో కనుక్కోండి. లాభంలో ఉన్న షేర్లుంటే అవే ఇవ్వవచ్చు.

ఇచ్చేముందు, కనిపెట్టినదాని మీద పేటెంటు ఎవరిదని అడగండి. పిల్లల మెదడును దెబ్బతీసే కానవన్ అనే మరో వంశపారంపర్య వ్యాధి విషయంలో తల్లిదండ్రులు డబ్బుతో పాటు చనిపోయిన తమ పిల్లల కణజాలాన్నీ ఇచ్చారు. 1997లో ఆ జన్యువుపై మయామీ పిల్లల ఆసుపత్రి పేటెంటు పొంది, పరీక్షలకు రుసుము వసూలు చేసింది. ఆ తల్లిదండ్రులు కోర్టుకెక్కితే 2003లో రాజీతో ముగిసింది.

ఆ అప్పు కాగితాలు చించేసి, రేపు పొద్దున్నే బీమా ఏజెంటుకు ఫోను చేయండి. పరీక్ష తేదీ దగ్గరపడుతోంది.