మెకానికల్ చదివి కణచికిత్స వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ మెకానికల్ మూడో ఏడాది. మైక్రోఫ్లూయిడిక్స్‌తో కణాలను శుద్ధి చేసే ప్రాజెక్టు తీసుకుంటానంటోంది. రెంటికీ చెడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: చెడదండీ. మైక్రోఫ్లూయిడిక్స్ అంటే చిన్న చిప్‌లోని సన్నని కాలువల్లో ద్రవాలను నడిపించే విద్య. ఇందులో సగం పని మీ అమ్మాయి చదివిన ఫ్లూయిడ్ మెకానిక్సే.

కణచికిత్సలో రోగికి ఎక్కించే జీవకణాలు ఒంట్లో ఎటు వెళ్తున్నాయో ఎమ్మారైలో కనిపించాలని, వాటికి ఐరన్ ఆక్సైడ్ నానోపార్టికల్స్ (కణాలకంటే ఎన్నో రెట్లు చిన్న రేణువులు) పట్టిస్తారు. అంటుకోని పార్టికల్స్ ద్రవంలో మిగిలిపోతాయి. అవీ లోపలికి వెళ్తే స్కాన్‌లో కణాల్లాగే కనిపించి డాక్టర్‌ను తప్పుదారి పట్టిస్తాయి. వాటిని వదిలించడానికి మామూలుగా సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పే యంత్రం) తిప్పి కడుగుతారు. కడిగిన ప్రతిసారీ కొన్ని కణాలు పోతాయి. అదే చిప్‌లో అయితే వెంట్రుకంత సన్నని కాలువలో కణాలున్న ద్రవం, శుభ్రమైన ద్రవం దాదాపు కలవకుండా పక్కపక్కనే పారతాయి. దారిలో బుల్లి స్తంభాలు, ఒక్కో వరస కాస్త పక్కకు జరిపి ఉంటాయి. పది మైక్రాన్ల కణం వాటికి తగులుతూ వరస వరసకీ పక్కకు జరిగి శుభ్రమైన ద్రవంలోకి చేరుతుంది. నానోపార్టికల్స్ మాత్రం ప్రవాహంతో నేరుగా పోతాయి. స్తంభాల మధ్య సందు ఎంత, వాలు ఎంత అన్న లెక్క మెకానికల్ వాళ్లకు కొట్టిన పిండి. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో మెహ్మెట్ టోనర్ బృందం రక్తంలో అరుదుగా దొరికే క్యాన్సర్ కణాలను వేరుచేసే చిప్‌లో ఈ స్తంభాలకు అయస్కాంతాన్నీ జోడించింది.

తనకు లేనిది బయాలజీ, కణాలను పెంచే చేతి అలవాటు. ఓపిక కూడా కావాలి. చిప్ తయారీకి వాడే, జిగటగా ఉండే పీడీఎంఎస్ (ఒక రకం సిలికోన్ రబ్బరు) పది పాళ్లకు గట్టిపరిచే ద్రవం ఒక పాలు కలిపి, బుడగలు పోయేదాకా వాక్యూమ్‌లో ఉంచి, అచ్చులో పోసి, ఓవెన్‌లో పెట్టాలి. తీరా కాలువలో ఒక్క గాలి బుడగ దూరితే ఆ పూట ప్రయోగం పోయినట్టే.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. బీటెక్‌తో ఇందులో అవకాశాలు తక్కువ. ఎంటెక్, పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. గేట్ మెకానికల్ పేపర్‌తోనే బయోమెడికల్ ఎంటెక్‌లోకి తీసుకునే ఐఐటీలున్నాయి, ఆ ఏడాది బ్రోచర్ చూసుకోండి. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైన హెచ్ఆర్ఏ. మన దేశంలో తయారైన మొదటి కార్-టీ చికిత్స (రోగి రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్‌పైకి పంపేది) నెక్స్‌కార్19కి 2023లో అనుమతి వచ్చింది కాబట్టి కణాలతో పనిచేసేవాళ్ల అవసరం ఇక్కడా మొదలైంది.

ప్లేస్‌మెంట్లకు కూర్చోవడం మాన్పించకండి. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టించండి. ప్రాజెక్టు ఒప్పుకునే ముందు గైడ్‌ను ఒక్కమాట అడగమనండి: చిప్ నిజంగా తయారుచేస్తామా, సిమ్యులేషన్‌తోనే ఆపేస్తామా? సిమ్యులేషనే అయితే, ఏదైనా ల్యాబ్‌లో కణాలకు బదులు కనీసం అంత సైజు ప్లాస్టిక్ పూసలతోనైనా చిప్ నడిపి చూశాకే ఎంటెక్ నిర్ణయం తీసుకోమనండి.