ఘంటసాల మీద రాయబోయే నీకు

చిరంజీవి బుజ్జికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు కృష్ణా జిల్లా ఘంటసాల ఊరి పాత రేవు చరిత్ర రాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కడుపు నిండినంత సంతోషం, ఆ వెంటనే గుబులు. అందుకే ఈ ఉత్తరం.

ఒక్కో ప్రస్తావనకు ఒక్కో కార్డు పెట్టుకో: రాసిందెవరు, ఎప్పుడు, పేరు ఏ అక్షరాలతో ఉంది, చూసి రాశాడా విని రాశాడా. ఈ చివరి గడి ఖాళీగా వదిలావంటే ఊరుకోను. పెరిప్లస్ అనే గ్రీకు సముద్రయాన గ్రంథం 62వ ఖండంలో మసాలియాలో, అంటే మన ఆంధ్ర తీరంలో, బట్ట విస్తారంగా తయారవుతుందని ఉంది. ఆ రచయితకు మలబారు తీరం బాగా తెలుసు, తూర్పు తీరం మాత్రం ఎక్కువగా విన్న కబురే. గ్రీకులో మాట 'సిందోనెస్', మేలైన బట్టలని. అనువాదంలో అది 'మస్లిన్' అయ్యాక, గాలికెగిరే పల్చదనం మన నేతకు అంటగట్టేశారు. ఎంత పల్చనో ఆ మాట చెప్పదు.

ఇక నాకు భయమున్న చోటు టాలెమీ, గ్రీకులో భూగోళం రాసినాయన. 7వ పుస్తకం, 1వ అధ్యాయంలో ఆ వరస చేత్తో రాసుకో: మైసోలోస్ నది ముఖం, కంటకోస్సిల (మన ఘంటసాలే అంటారు) వ్యాపార స్థలం, కొద్దౌర, అల్లోసిగ్నె వ్యాపార స్థలం, ఆ తర్వాత క్రిసె దేశానికి, అంటే సువర్ణభూమికి, ఓడలు తీరం వదిలే చోటు. ఈ చివరిదాన్ని తీసుకెళ్లి కంటకోస్సిలకు అతికించడం పాత తప్పు. 'సువర్ణభూమికి ఓడలు ఘంటసాల నుంచే బయల్దేరేవి' అనే వాక్యం వినసొంపుగా ఉంటుంది, ఒకరు రాస్తే పదిమంది ఎత్తి రాస్తారు, చివరికి ఊళ్లో బోర్డు ఎక్కుతుంది. టాలెమీ ఆ రెంటి మధ్యా ఇంకో రెండు పేర్లు పెట్టాడు కదా తల్లీ! 'ఎంపోరియోన్' అన్నా వ్యాపారం జరిగే చోటనే, ఓడ కట్టేసే గట్టు అక్కడే ఉందని కాదు. డిగ్రీలనూ మ్యాపు మీద పెట్టకు. అతని అంకెల్లో 11, 12 డిగ్రీల మధ్య పడే ఊరు నిజానికి 16 దాటి ఉంది. అతని పటంలో మన ద్వీపకల్పం కొనే సరిగ్గా లేదు, తీరం తూర్పుకు సాగిపోతుంది. వరస నమ్ము, దూరం నమ్మకు. మైసోలోస్ కృష్ణా, గోదావరా అన్న వాదన ఉందని రాయి, తీర్పు చెప్పకు.

పేరుకు అసలు బలం శాసనాలు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరపు శాసనంలో బౌద్ధ ఉపాసిక బోధిసిరి దానాల మధ్య కంటకసోల, అంటే ఘంటసాల, మహాచైత్యం వస్తుంది. ఘంటసాల ప్రాకృత శాసనాల్లో సివకుడనే మహానావికుడు, అంటే పెద్ద ఓడ నాయకుడు, ఉన్నాడు. ఆ ఒక్క బిరుదు దగ్గర కాసేపు ఆగు, ఊరికి సముద్రంతో ఉన్న పొత్తు అక్కడ రాతి మీదే కనిపిస్తుంది.

పెరిప్లస్ 1వ శతాబ్దం, టాలెమీ 150 ప్రాంతం, బోధిసిరి 3వ శతాబ్దం. మూడూ ఒకే రోజు సంగతుల్లా కలిపేయకు.

ఊరు చూడ్డానికి వెళ్తే పొద్దున్నే వెళ్లు, ఎండలో తిరక్కు, మంచినీళ్లు మర్చిపోకు. టాలెమీ పేజీల చిత్తు ముందు నాకు పంపు, మిగతాది తర్వాత చూస్తాను.

మీ పెద్దమ్మ