చట్టం అడగకపోతే కార్డు లేకుండా స్కూబా డైవింగ్ చేయొచ్చా?

మిత్రుడి స్కూబా కిట్ (నీటి అడుగున గాలి పీల్చుకునే సిలిండర్, పరికరాలు) ఉంది, శిక్షణ పూర్తి చేసినట్టు చూపే కార్డును చట్టం అడగదు, దిగొచ్చా అని అడిగారు. దయచేసి దిగకండి. చాలా దేశాల్లో చట్టం అడగదు, నిజమే. సిలిండర్ నింపే డైవ్ షాపులే కార్డు చూస్తాయి. ఇజ్రాయెల్ మాత్రం 1979లోనే చట్టం చేసింది. అదే సబబని నా అభిప్రాయం.

ఎందుకంటే 10 మీటర్ల లోతులో పీడనం పైకంటే రెట్టింపు. అక్కడ నిండుగా గాలి పీల్చి, కంగారులో ఊపిరి బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది, ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. ఈత ఎంత బాగా వచ్చినా ఇది తప్పదండీ. పైగా ఈతగాళ్లకు ఊపిరి బిగబట్టడమే అలవాటు! ఆగకుండా శ్వాస తీస్తూ నెమ్మదిగా పైకి రావడం శిక్షకుడి పక్కన సాధన చేస్తేనే వస్తుంది.

ముందు శిక్షకుడు వెంట ఉండే పరిచయ డైవ్ చేయండి, దానికి కార్డు అక్కర్లేదు. నచ్చితే ఓపెన్ వాటర్ అనే తొలి స్థాయి కోర్సులో చేరండి. 18 మీటర్ల లోతు వరకు దిగే అర్హత వస్తుంది.